అత్తమ్మ ఊరెళ్లిన పది రోజుల్లో షెడ్డు ఖాళీ చేయించనా?

హన్మకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఆనవాళ్లు తీసేసి ముఖ్యమైన సంగతులు ఇక్కడ ఇస్తున్నాం.

ఆమెది నయీంనగర్ వైపు సొంతిల్లు. మామగారు కట్టించారు. కింద కారు కోసమని 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతుతో ఒక షెడ్డు, ముందు షట్టర్. కానీ ఇంతవరకు అందులో కారు పెట్టింది లేదు. మామగారు బోరు మోటార్లకు వైండింగ్ (కాలిన రాగి తీగ తీసి కొత్తది చుట్టే పని) చేసేవారు. వయసు మీదపడి దుకాణం మూసేశాక సామానంతా ఈ షెడ్డులోకే చేరింది. కాలిపోయిన మోటార్లు, స్టార్టర్లు, రాగి తీగ రీళ్లు, వార్నిష్ డబ్బాలు, పానాల పెట్టె, నూనె మరకల నోటుబుక్కులు, ఒక మూలన ఆయన పాత చేతక్ స్కూటర్. రెండేళ్ల కింద ఆయన కాలం చేశారు. అప్పటినుంచి అత్తగారు ఆ షెడ్డులో "ఒక్క మేకు కూడా ముట్టనిస్తలేదు".

ఇది చాలదన్నట్టు, కరోనా అప్పుడు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసిన మరిది తన మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, అట్టపెట్టెలు తెచ్చి ఇక్కడ పెట్టారు. జగిత్యాలలో ఉండే ఆడబిడ్డ పెండ్లి ఇత్తడి సామాను కూడా ఇక్కడే. 2023 జులై వానలకు షెడ్డులోకి మోకాలి లోతు నీళ్లొచ్చి అట్టపెట్టెలు నానిపోయాయి, ఇప్పుడు చెదలు పట్టాయి. పోయిన నెల తేలు కనబడింది. నిరుడు కొన్న కారు గల్లీలో నిలబడుతోంది. దానిమీద ఎదురింటివాళ్లతో రోజూ మాటా మాటా. ఈమె ఎలక్ట్రిక్ స్కూటర్ షట్టర్ పక్క బోర్డు దగ్గరే చార్జింగ్. భర్తను అడిగితే "చూద్దాంలే" అంటారు. ఆయన "చూద్దాంలే" కు రెండేళ్లు నిండాయట.

చివర్లో అసలు ప్రశ్న: "శ్రావణంలో మా అత్తమ్మ పరకాల దగ్గర తల్లిగారి ఊరికి పెండ్లికి పోతున్నది. పది రోజులు ఉంటది. ఆ టైంల పాత సామాన్లు కొనెటాయన్ని పిలిచి అంతా ఖాళీ చేయించనా? వచ్చినంక రెండు రోజులు కోపం చేస్తది, తర్వాత సర్దుకుంటది అనిపిస్తున్నది. తప్పా?"

*

అమ్మా,

మీ ఉత్తరంలో విసుగు కనబడుతోంది, అది న్యాయమైనదే. రోజూ ఆ షట్టర్ ఎత్తి స్కూటర్ చార్జింగ్ పెట్టేది మీరు. తేలు మీ కాళ్ల దగ్గర కనబడింది. ఎదురింటివాళ్ల మాటలు పడుతున్నదీ మీరే. సామాను ఎవరిదైనా దాని బరువు మోస్తున్నది మీరు. అందుకే మీరు అడిగిన ప్రశ్నను ముందే తీసుకుంటాను.

పది రోజుల్లో ఖాళీ చేయిస్తే షెడ్డు నిజంగానే ఖాళీ అవుతుంది. కారు లోపలికి వస్తుంది. అత్తగారి కోపం మాత్రం రెండు రోజులతో పోతుందని నేను అనుకోను. ఆమె లేనప్పుడు, చెప్పకుండా, భర్త చేతి సామాను తూకానికి పోయిందన్న మాట ఆమె మనసులో ఉండిపోతుంది. రేపు ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా, అది మీ మామగారు ఎప్పుడో ఎవరికో ఇచ్చేసినదైనా సరే, "ఆ రోజే పోయింది" అంటారు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు. మరిది, ఆడబిడ్డ కూడా అదే అడుగుతారు, అప్పుడు మీవారు మీ పక్కన నిలబడతారన్న నమ్మకం మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఇంకొకటి, హక్కు సంగతి. మామగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన స్వార్జితం మీద 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతురికి సమానంగా హక్కు ఉంటుంది. ఇంటికి ఎలాగో, ఆ రాగి రీళ్లకూ ఆ స్కూటర్‌కూ అలాగే. అంటే మీవారు ఒక్కరే సరే అన్నా సరిపోదు. దీన్ని కోర్టు దాకా ఎవరూ తీసుకుపోరు, నిజమే. కానీ మాట పడాల్సి వస్తే అది కోడలి మీదే పడుతుంది.

డబ్బు లెక్కలో కూడా ఇది నష్టం. తొందరపడి అమ్మేవాళ్ల దగ్గర మోటార్లను మోటార్లుగానే ఇనుము తూకానికి వేసి తీసుకుపోతారు. లోపల స్టాటర్‌లో, అంటే తీగ చుట్టిన కదలని భాగంలో, ఉన్న రాగి ఉచితంగా పోతుంది. కిలో రాగి ధర కిలో ఇనుముకు పదిరెట్ల పైనే. మామగారి శిష్యులు ఎవరైనా వచ్చి విప్పి, రాగి వేరు, ఇనుము వేరు చేసి ఇస్తే వచ్చే మొత్తం చూసి మీరే ఆశ్చర్యపోతారు. రాగి కోసం వైండింగ్‌ను గల్లీలో కాల్చనివ్వకండి. ఎనామిల్, వార్నిష్ కాలిన ఆ పొగ పిల్లలున్న ఇంటికి మంచిది కాదు.

కాబట్టి ఆ దారి వద్దనే నా సలహా. అయితే ఇప్పుడున్నట్టే వదిలేయడం కూడా వద్దు. ఈ వానాకాలం ఇంకా అయిపోలేదు. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ నయీంనగర్ నాలా (వరద కాలువ) పొంగి ఏం చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. "తర్వాత చూద్దాం" అంటే ఆ మిగిలిన అట్టపెట్టెలను చెదలకూ నీళ్లకూ అప్పగించడమే.

ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. మామూలుగా షెడ్డు సర్దేవాళ్లు ఇనుము ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు, కాగితాలు ఒకవైపు అని వేరు చేస్తారు. మీ షెడ్డులో అది పనిచేయదు. మీది "ఇది ఏమిటి" అన్న చిక్కు కాదు, "ఇది ఎవరిది" అన్న చిక్కు. నలుగురి సామాను ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంది కాబట్టే ఎవరూ దేని గురించీ తేల్చడం లేదు. మరిది అట్టపెట్టె తీయాలంటే మామగారి మోటారు జరపాలి, మోటారు జరపాలంటే అత్తగారు ఒప్పుకోవాలి. ముందు మనుషుల వారీగా వేరు చేయండి. అత్తగారివి ఒక గోడకు, మరిదివి ఒక గోడకు, ఆడబిడ్డవి ఇంట్లోకి, మీవి మీ దగ్గరికి. ఈ పనిలో ఒక్క వస్తువు కూడా బయటికి పోదు. కాబట్టి దీనికి ఎవరూ అడ్డు చెప్పలేరు.

దీనికంటే ముందు ఒక పని ఉంది. దానికి ఎవరి అనుమతీ అడగాల్సిన పనిలేదు, అత్తగారికి ఒక మాట చెబితే చాలు. నిప్పుకూ రోగానికీ దారితీసేవి షెడ్డులోంచి తీయాలి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది తేలు కాదు. ఒకే గదిలో వార్నిష్, థిన్నర్ డబ్బాలు, పాత స్కూటర్, పక్కనే చార్జింగ్ బోర్డు. పెట్రోల్, థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, మూసిన షట్టర్ లోపల నేలబారున పేరుకుంటుంది. స్విచ్చి దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు. చేతక్ ట్యాంకులో పెట్రోల్ మిగిలి ఉందేమో మీవారిని ఇవాళే చూడమనండి, ఉంటే మెకానిక్‌తో తీయించండి. వార్నిష్, థిన్నర్ డబ్బాల్లో మూత గట్టిగా ఉన్నవాటిని మేడమీద నీడపట్టున, పిల్లలకు అందని చోట పెట్టండి. గడ్డకట్టినవి పనికిరావు. వాటిని ఇంటి చెత్తలో కలపకుండా, మున్సిపల్ బండివాళ్లకు ఇది ప్రమాదకరమైన చెత్త అని చెప్పి విడిగా ఇవ్వండి. మోరీలో మాత్రం పోయకండి. నూనె, వార్నిష్ పీల్చిన పాత గుడ్డలు కుప్పగా ఉంటే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే అవకాశం ఉంది. వాటిని విడదీసి ఆరుబయట పరిచి ఆరబెట్టి తర్వాత పారేయండి. అప్పటిదాకా మీ స్కూటర్ చార్జింగ్ షట్టర్ పూర్తిగా ఎత్తి ఉన్నప్పుడే పెట్టండి, రాత్రంతా వదలకండి.

మూలన పాత ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఉందని ఒకచోట రాశారు. దాన్ని పడుకోబెట్టకుండా నిలువుగానే తీయించండి. నేలమీద యాసిడ్ కారి ఉంటే వంటసోడా చల్లి, రబ్బరు గ్లౌజులు వేసుకుని కడగండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడినవాళ్లు దాన్ని మామూలు చెత్తలో వేయకూడదు, సేకరించేవాళ్లకు విడిగా అప్పగించాలి. బ్యాటరీ షాపు వాళ్లు పాతదానికి ధర కట్టి తీసుకుంటారు. ఆ డబ్బు అత్తగారి చేతిలో పెట్టండి. చిన్న మొత్తమే కావచ్చు, కానీ షెడ్డులోంచి పోయిన మొదటి వస్తువు లెక్క ఆమెకే ముట్టిందని ఆమె గుర్తుపెట్టుకుంటారు.

పాత టైర్లలో వాన నీళ్లు నిలిస్తే వారం, పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది. వాటిని వెంటనే ఇచ్చేయండి. మరిది ఫ్రిజ్ తలుపు ఊడదీయించండి లేదా తాడుతో తెరిచి కట్టేయండి. దాగుడుమూతలాడే పిల్లలు లోపల ఇరుక్కుంటే ఊపిరాడదు. ఏ పెట్టె కదిపినా పగలే కదపండి, కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి గ్లౌజులు, ముందు కర్రతో తట్టి చూడండి. పాము కాటు పడితే కట్టు బిగించడాలు, నాటువైద్యాలు వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇక అత్తగారి సంగతి. ఇక్కడ కొంచెం నిదానం కావాలి.

ఆమె సామాను మీద మొండితనం చూపిస్తున్నారని మీకు అనిపిస్తోంది. ఆ షెడ్డులో ఉన్నది ఆయన చేతుల పని. మూసిన దుకాణం, పోయిన మనిషి రెండూ ఇప్పుడు ఆమెకు అక్కడే ఉన్నాయి. "ఇది పడేద్దామా?" అని అడిగితే ఆమె చెప్పగలిగే జవాబు ఒక్కటే, వద్దు. ఆ ప్రశ్న మార్చండి. "అత్తమ్మా, ఇది ఎవరికి పనికొస్తది?" అని అడగండి. పొద్దున టీ తాగాక షట్టర్ ఎత్తి, ఆమెకు కుర్చీ వేసి, ఒక్కొక్క వస్తువే చేతికి ఇవ్వండి. మొత్తం కుప్ప చూపించకండి. గంట చాలు. ఆమె కథ చెబితే వినండి, అలసిపోతే ఆపేయండి.

మామగారి దగ్గర పని నేర్చుకుని పరకాలలోనో నర్సంపేటలోనో సొంతంగా షాపు పెట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. అత్తగారికి వాళ్ల పేర్లు నోటికి వస్తాయి. మెగ్గర్, టంగ్ టెస్టర్ (కరెంటు పని పరీక్షించే పరికరాలు), బేరింగ్ ఊడదీసే పుల్లర్, కాయిల్ చుట్టే మిషన్, పానాలు వాళ్ల చేతిలో పడితే మళ్లీ పనిచేస్తాయి. తూకానికి ఒప్పుకోని మనిషి దీనికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అత్తగారు పరకాల వైపు పోతున్నారు కాబట్టి, ఆ పక్క శిష్యుడెవరైనా ఉంటే కలిసి రమ్మనండి. ఆ ప్రయాణాన్ని అలా వాడుకోండి.

నూనె మరకల నోటుబుక్కుల గురించి ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు. వాటిని దయచేసి కాగితాల తూకంలో వేయకండి. వైండింగ్ చేసేవాళ్లు ఒక మోటారు విప్పినప్పుడు అది ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్లాట్లు, కాయిల్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, పిచ్ ఎంత అని రాసిపెట్టుకుంటారు. అదే మోటారు మళ్లీ కాలి వస్తే ఆ పేజీ చూసి చుడతారు. పాత మోడల్ మోటారు ఇంకా ఏదో బాయి దగ్గర తిరుగుతూ ఉంటుంది, దాని లెక్క ఆ బుక్కులోనే ఉండొచ్చు. పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసి దాచండి. బుక్కు మీరు ఉంచుకుంటారో శిష్యుడికి ఇస్తారో అత్తగారినే తేల్చనివ్వండి.

ఆయన గుర్తుగా ఒక పానాల పెట్టె ఉంచుకోండి. ఏది ఉంచాలో ఆమె ఎంచాలి. దసరా నాడు మనం బండ్లకూ పనిముట్లకూ పూజ చేస్తాం కదా, ఆ పెట్టెను అందులో పెట్టండి. షెడ్డు నిండా చెల్లాచెదరుగా ఉన్న జ్ఞాపకానికి అలా ఒక చోటు దొరుకుతుంది.

కాగితాలున్న ట్రంకు పెట్టె, అట్టపెట్టెలు చివరికి ఉంచండి, కానీ ఒక్కో కాగితం చూశాకే వదలండి. ఇంటి దస్తావేజు, మున్సిపల్ పర్మిషన్, పన్ను రశీదులు, పట్టాదారు పాసుపుస్తకం, ఎల్‌ఐసీ బాండు, బ్యాంకు పాసుబుక్కు ఇలాంటి చోట్లే దొరుకుతాయి. తడిసినవి ఎండలో పెళపెళలాడేలా ఆరబెట్టకండి, ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి.

చేతక్‌ను ఇప్పుడే తేల్చాల్సిన పనిలేదు, పెట్రోల్ తీయిస్తే చాలు. అమ్మాలన్నా, బాగుచేయించి నడపాలన్నా ముందు ఆర్‌సీని వారసుల పేరు మీదకు మార్చాలి. దానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల దగ్గర పెట్టుకోండి. తుక్కుకే ఇస్తామంటే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఆర్‌సీ రద్దు చేయించకుండా తుక్కు దుకాణంలో వదిలేస్తే, పోయిన మనిషి పేరు మీద ఆ నంబరు ఎక్కడ తిరుగుతుందో చెప్పలేం.

మరిది సామాను గురించి మీరు ఫోన్ చేయకండి. మీవారే చేయాలి. "చూద్దాంలే" అనే మనిషికి "షెడ్డు సంగతి చూడండి" అంటే కొండంత పని అనిపిస్తుంది. ఫొటోలు మీరు తీసి, మెసేజ్ కూడా మీరే రాసి, పంపే బాధ్యత ఆయనకు ఇవ్వండి. ఇలా రాయొచ్చు: "తమ్మీ, నీ సామాన్లు చెదలు పడుతున్నయ్, ఫొటోలు చూడు. దసరాకు వచ్చినప్పుడు ఏది కావాల్నో చూసుకో. ట్రాలీ మాట్లాడి పెడ్త. వద్దన్నవి నువ్వే అమ్ముకో, మనిషిని నేను చూపిస్త." అమ్మి పెట్టమంటే మాత్రం ఒప్పుకోకండి. ఎంతకు అమ్మినా "అంతేనా వచ్చింది" అన్న మాట మిగులుతుంది. ఆయన దసరాకు రాకపోతే సామాను పారేయకుండా, ఆయన గోడకు కుదురుగా పేర్చి, ప్లాస్టిక్ షీటు కప్పి, మళ్లీ ఫొటో పంపండి. ఆ తర్వాత పాడైతే ఆయనకు తెలిసి పాడైనట్టే.

ఆడబిడ్డ బతుకమ్మకు ఎలాగూ పుట్టింటికి వస్తారు. ఇత్తడి బిందెలు, గంగాళాలు పైకి తెచ్చి తోమించి ఉంచండి, వెళ్లేటప్పుడు తీసుకుపోతారో ఇక్కడే ఉంచమంటారో ఆమెనే అడగండి. సద్దుల బతుకమ్మకూ దసరాకూ మధ్య ముగ్గురు పిల్లలూ అమ్మ దగ్గర ఉంటారు. మామగారి సామాను మీద తేల్చాల్సిందేదైనా ఉంటే ఆ పూట కూర్చోండి. మాట ఎత్తేది మీవారు, చివరి మాట అత్తగారిది. మీరు వంటింట్లో ఉండాల్సిన అవసరం లేదు, పక్కనే కూర్చోండి.

ఇక చోటు లెక్క. 4 మీటర్లలోపు చిన్న కారు అన్నారు. అంటే పొడవు 13 అడుగులు, మీ లోతు 18. వెనక 5 అడుగులు మిగులుతుంది. వెనక గోడకు ఒకటిన్నర అడుగు వెడల్పుతో ఇనుప యాంగిల్ ర్యాక్ వేసినా మనిషి నడవడానికి చోటుంటుంది. వెడల్పులో చిన్న కారు సుమారు 5 అడుగుల 7 అంగుళాలు, అద్దాలు కాకుండా. డ్రైవర్ తలుపు తెరవడానికి రెండున్నర అడుగులు వదిలితే, అవతలి గోడకు అడుగు వెడల్పు షెల్ఫు మాత్రమే పడుతుంది, అదీ అద్దం ఎత్తుకు పైన. షట్టర్ చట్రం మధ్య ఎంత తెరుచుకుంటుందో విడిగా కొలవండి, గోడ కొలత వేరు, అది వేరు. నేలమీద సుద్దతో కారు గీత గీయండి. గీత లోపల ఏమీ ఉండకూడదు అన్నది అందరికీ కళ్ల ముందు కనబడుతుంది, మీరు నోరు విప్పనక్కర్లేదు. ర్యాక్ కింది షెల్ఫు 2023లో నీళ్లు తాకిన మరకకు పైనే ఉండాలి. అట్టపెట్టెలు వద్దు, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కోదానిమీద మనిషి పేరు. చెక్క మంచం గోడకు ఆనించకండి, చెదలు గోడ పట్టుకునే వస్తాయి.

ఇంత చేసినా అత్తగారు ఒక్కటీ ఇవ్వనంటే? అదీ జరగొచ్చు. అప్పుడు వెనక గోడ మొత్తం ఆమెది అని ఒప్పుకోండి. మరిది సామాను పోయి, టైర్లూ పాడైన డబ్బాలూ పోయి, మోటార్లు ఒకదాని పక్కన ఒకటి ర్యాక్ కింద కుదురుకుంటే కారు పట్టే అవకాశం ఉంది. చేతక్ స్కూటర్ మాత్రం అడ్డం వస్తుంది, దాన్ని మెట్ల కింద పెట్టడానికైనా ఆమె ఒప్పుకోవాలి. అదీ కుదరకపోతే ఈ ఏడాదికి కారు బయటే ఉంటుంది, కానీ నిప్పు భయం, దోమలు, తేళ్ల భయం తగ్గిన షెడ్డు మీకు మిగులుతుంది. అది మీరు ఇప్పుడున్న స్థితికంటే ఎంతో మేలు.

ఎదురింటివాళ్ల దగ్గరికి మీవారిని పంపండి. దసరా అయిన వారంలో కారు లోపలికి తీసుకుంటామని, అప్పటిదాకా వాళ్ల గేటు ముందుకు రాకుండా నిలుపుతామని ఆయన నోటితో చెప్పాలి. బయటివాళ్లకు ఆ మాట ఇచ్చాక, మళ్లీ మీతో "చూద్దాంలే" అనడం ఆయనకూ కష్టమే.